పన్నెండో పేరు

భివండి,
11-8-2024

చెల్లె సుహాసినికి,

అన్న నర్సింగం దీవెనలు. ఈడ మేమంత మంచిగనే ఉన్నం. వానలు పడ్డప్పటి సంది మీ వదినె సోమక్కకు మోకాళ్ల నొప్పులు జర ఎక్కువైనయి, అంతే.

ఫోన్ ఉండంగ ఉత్తరమేంది అనుకుంటవు. ముప్పై అయిదేండ్లు ఈ సాంచల, కరెంటు మగ్గాల మోతల నిలవడితె కుడి చెవు ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమది గూడ పోతాంది. ఫోన్ల నువ్వొకటంటవు, నేనొకటి చెప్త. అండ్ల రాద్దామంటె ఆ చిన్న అక్షరాలు నా ఏళ్లకు దొరుకయి. కాగితమైతె నీకు నాకు నడుమనే ఉంటది.

మాటేందంటె, మన హరీశ్ గురించి. పోయినేడు వీడియోల కనవడితె నాకు వినరాదని కాగితం మీద రాసి చూపిచ్చేటోడు. మెస్సుల ఏం కూర, ఏ సారు మంచిగ చెప్తాండు, అన్ని రాసేటోడు. ఇప్పుడు రెండో సంవత్సరమాయె, మొకం చూపిచ్చి పెట్టేస్తాండు. కండ్ల కింద నల్లగైంది. వాళ్లమ్మ సోమక్క అడిగితె 'మంచిగనే ఉన్న' అంటడట.

నువ్వు వాడు చదివే యూనివర్సిటీలనే కొలువు చేస్తున్నవు. పిల్లలకు ధైర్యం చెప్పే కొలువే గదా నీది. మనోన్ని జర పిలిచి అడుగు. వాడు ఏం చెప్పిండో నాకు రాయి. దాచకు.

నీ అన్న,
నర్సింగం


కాశిబుగ్గ, వరంగల్,
24-8-2024

అన్నకు, వదినెకు నమస్కారం.

నీ ఉత్తరం పోయిన శనివారం అందింది. మన వీధి పోస్ట్‌మన్ కవరు చేతికిస్తూ, 'మీ అన్న దస్తూరీ ఇంకా గట్లనే ఉన్నది' అన్నాడు. ఇంట్లో నాయిన నేసిన మగ్గం గుంట మీద బండ పరిపించి ఫ్రిజ్ పెట్టాను. నువ్వు చూస్తే తిడతావని ముందే రాస్తున్నాను.

నా కొలువు ధైర్యం చెప్పడం కాదన్నా. ధైర్యం అందరూ చెబుతారు. అది విని విని అలిసిపోయిన పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఆరు వేల మందికి నేనొక్కదాన్నే. లైబ్రరీ కింద, జిరాక్స్ సెంటర్ పక్కన నా గది. 'కౌన్సెలింగ్ సెంటర్' అని రాసిన బోర్డు కింద నిలబడటానికి వాళ్ళకు సిగ్గు. అందుకని జిరాక్స్ కోసం వచ్చినట్టు చేతిలో కాగితాలు పట్టుకుని, ఎవరూ చూడనప్పుడు లోపలికి జారుకుంటారు. తలనొప్పి అంటారు. నిద్ర పట్టడం లేదంటారు. ఒక అమ్మాయి మూడు వారాలు వరుసగా వచ్చి హాస్టల్ పప్పు నీళ్ళలా ఉందని మాత్రమే చెప్పి వెళ్ళింది. నాలుగో వారం కూర్చుని గంటసేపు ఏడ్చింది.

ఎవరొచ్చినా మొదట నేను చెప్పేది ఒకే మాట. 'ఇక్కడ చెప్పింది ఈ గది దాటిపోదు.' నా కొలువంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. హరీశ్ ఈ నెలలో రెండుసార్లు నా గదికి వచ్చాడు. ఇంతవరకే రాయగలను. ఎందుకు వచ్చాడన్నది రాయలేను, అడిగింది నువ్వైనా సరే. ఈ మాటకు బాధపడకు.

వదినెను మోకాళ్ళకు ఆవిరి కాపడం పెట్టుకోమను.

నీ చెల్లెలు,
సుహాసిని


భివండి,
8-9-2024

చెల్లెకు,

నీ ఉత్తరం చదివినప్పటి సంది మీ వదినె సరిగ్గ బువ్వ తింటలేదు. రెండుసార్లు నీ గదికి వచ్చిండంటవు. ఎందుకొచ్చిండో చెప్పనంటవు. చెప్పరానంత పెద్ద బీమారి ఏమొచ్చింది నా కొడుక్కు? నేను వాని తండ్రిని. నీకు అన్నను. నాకు చెప్పకుంటె ఎవలకు చెప్తవు?

సోమక్క మార్కండేయ గుడిల మొక్కింది. దర్గకు పోయి తాయెత్తు గూడ కట్టిచ్చుకొచ్చింది, కొరియర్ చేస్త, వాని చేతికి కట్టు.

ఇంకో మాట. నీ దగ్గర రిజిస్టర్ ఉంటది గావచ్చు. అండ్ల మనోని పేరు రాయకు. మా సాంచల్ల పనిచేసే ఒక పిలగాడు నిరుడు జర మనసు మంచిగలేక దవాఖానకు పోయిండు. ఇగ అంతే. ఏ సేటు దగ్గరికి పోయినా 'వాడు మెంటల్' అంటాండ్రు. మూడు కార్ఖానలు మారిండు. పేరు పడితె పోదు చెల్లె. రేపు హరీశ్‌కు కొలువెవలిస్తరు, పిల్లనెవలిస్తరు?

జల్ది జవాబు రాయి.

నర్సింగం


కాశిబుగ్గ,
20-10-2024

అన్నా,

జవాబు ఆలస్యమైంది. ఎందుకో చదివితే నీకే అర్థమవుతుంది.

ముందు హరీశ్ సంగతి. వాడికి ఏ బీమారీ లేదు. సొంతవాళ్ళను మేము చూడకూడదని మా వృత్తిలో నియమం ఉంది. వాడు ఆ రెండుసార్లు వచ్చింది తనకోసం కాదు. తాయెత్తు అందింది, వాడికిచ్చాను. నవ్వి జేబులో వేసుకున్నాడు.

సెప్టెంబరు చివరలో మా దగ్గర ఒక అమ్మాయి చనిపోయింది. హాస్టల్‌లో, తన గదిలో. మొదటి సంవత్సరం పిల్ల. ఆ అమ్మాయి నా గదికి ఎన్నడూ రాలేదు. పేరు వినగానే రిజిస్టర్ తెరిచి మూడుసార్లు వెతికాను. లేదు. లేదని తెలిశాక ఒక్క క్షణం నా గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు నన్ను నేను ఇప్పటిదాకా క్షమించుకోలేదు.

టీవీ వాళ్ళు రెండు రోజులు గేటు దగ్గరే ఉన్నారు. మూడో రోజు రిజిస్ట్రార్ కిషన్ రావు గారు పిలిచారు. కూర్చోమని మర్యాదగానే మాట్లాడారు.

'మేడం, మీ దగ్గరికి వచ్చే పిల్లలల్ల డేంజర్‌ల ఉన్నోళ్ళ లిస్ట్ కావాలె.'

'అలా ఇవ్వకూడదు సార్. నేను మాటిచ్చాను వాళ్ళకు.'

'రేపు ఇంకొకళ్ళు ఏమన్న చేసుకుంటె జవాబు చెప్పేది మీ మాట కాదు, నేను. నోట్స్ వద్దు. పేర్లు చాలు. పిల్లలను కాపాడుకునేటందుకే గదా.'

కాపాడటం అంటే ఏం చేస్తారని అడిగాను. 'జర కనిపెట్టి చూస్తం' అన్నారు. ఇవ్వనని చెప్పి వచ్చేశాను. దసరా సెలవుల తర్వాత మళ్ళీ పిలిచారు. పేర్లు ఇవ్వకపోతే గదికి తాళం వేసి ఫైళ్ళన్నీ స్వాధీనం చేసుకుంటారట. డిసెంబరులో నా కాంట్రాక్టు పొడిగించే సంతకం కూడా ఆయనదే. ఆ మాట ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

ఫైళ్ళు పోతే పిల్లలు చెప్పుకున్న ప్రతి మాటా బయటపడుతుంది. పేర్లు ఇస్తే మాటలైనా మిగులుతాయి. ఏం చేయాలో తోచడం లేదు. ఇక్కడ ఎవరితోనూ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

సుహాసిని


భివండి,
29-10-2024

చెల్లెకు,

పరేషాన్ గాకు. పెద్దోళ్ళు అడిగింది ఇయ్యి. కొలువు పోగొట్టుకోకు. మగ్గం గుంటల నుంచి నువ్వు ఆ కుర్చీ దాక పోయినవు. ఊకెనే పోలేదు.

కాని మనోని పేరు అండ్ల రానీయకు. వాడు తనకోసం రాలేదని రాసినవు. నేను నమ్మిన అనుకుంటున్నవా? నువ్వు నన్ను ఊకుంచెతందుకు రాసినవు. నాకు తెలుసు.

నీ పదో తరగతప్పుడు నాయిన పోయిండు. నిన్ను బీడీలకు పెట్టుమని అందరన్నరు. నేను వద్దన్న. అప్పటి సంది ఇప్పటిదాక నిన్ను ఒక్కటన్న అడిగిన్నా? ఇప్పుడు అడుగుతున్న. ఈ ఒక్కటే.

నర్సింగం


కాశిబుగ్గ,
24-11-2024

అన్నా,

నువ్వు అడిగింది చేశాను.

నా లెక్క ప్రకారం పన్నెండు పేర్లు రాయాలి. కాగితం మీద పదకొండు రాశాను. పన్నెండోది హరీశ్‌ది. అవును, మొదటి రెండుసార్లు వాడు తనకోసం రాలేదు. సెప్టెంబరులో మూడోసారి మాత్రం ఒక్కడే వచ్చాడు. మూడు సబ్జెక్టులు పోయాయట. 'మా నాయిన చెవులు పోగొట్టుకోని నన్ను చదివిస్తాండు అత్తా. ఫెయిలైనని ఏ మొకంతోని చెప్పాలె? ఒక్కోసారి పొద్దున లేవకుంటె మంచిగుండు అనిపిస్తాంది' అన్నాడు. ఇలాంటి మాట వేరే పిల్లవాడు అని ఉంటే వాడి పేరు లిస్టులో మొదట ఉండేది. ఇంత రహస్యం నీకు రాయకూడదు. కానీ ఇప్పుడు దాచడానికి నా దగ్గర ఏం మిగల్లేదు.

కనిపెట్టి చూస్తామన్నారు కదా. వారం తిరగకముందే పదకొండు మంది తల్లిదండ్రులకు ఫోన్లు వెళ్ళాయి. పిల్లల్ని ఇంటికి తీసుకుపోండి, మానసికంగా బాగున్నట్టు డాక్టర్ సర్టిఫికెట్ తెస్తేనే మళ్ళీ రానిస్తాం, ఏదైనా జరిగితే యూనివర్సిటీకి సంబంధం లేదని సంతకం పెట్టండి. కాపాడుకోవడం అంటే ఇదీ. పిల్లలు చచ్చినా బతికినా ప్రహరీ బయట జరగాలి.

అందులో శ్యాంసుందర్ అని ఒకడున్నాడు. హరీశ్ రూమ్మేట్. హరీశ్ ఆగస్టులో రెండుసార్లు నా గదికి వచ్చింది వాణ్ణి వెంటబెట్టుకునే. నర్సంపేట వైపు ఊరు, తండ్రి లేడు, తల్లి మిరప చేలలో కైకిలి కూలి చేస్తుంది. క్లాసులో వాడే ఫస్ట్. ఊళ్ళో ఎవరూ తనతో మాట్లాడేవాళ్ళు కాదని, ఇక్కడా తనను చూసి నవ్వుతున్నారని వాడికి భయం. పది వారాలు నాతో మాట్లాడి, నిద్రపోవడం మొదలుపెట్టాడు. తిండి తింటున్నాడు. ఇక నెలకోసారి వస్తే చాలని నేనే చెప్పాను. అలాంటప్పుడు పేరు ఎందుకు రాశావంటావా? కాగితం ముందు కూర్చున్నప్పుడు, ఈ పిల్లకు ఏమన్నా అయితే, ఆ పిల్లవాడికి ఏమన్నా అయితే అనే భయం తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు.

వాళ్ళమ్మ చిలుకమ్మ చేను మీది నుంచి అట్లాగే వచ్చింది. ఆఫీసులో వేలిముద్ర వేయించుకుని, నన్ను వెతుక్కుంటూ గదికి వచ్చింది.

'మావోడు ఎవన్నన్న కొట్టిండా మేడం?'

'లేదమ్మా.'

'దొంగతనం చేసిండా?'

'లేదు.'

'మరి ఎందుకు తోలేస్తాండ్రు?'

'సర్టిఫికెట్ తెస్తే మళ్ళీ తీసుకుంటారమ్మా.'

'ఏం సర్టిఫికెట్?'

'వాడు మంచిగున్నాడని.'

'మంచిగున్నడని నేను చెప్తాన గదా' అంది.

శ్యాంసుందర్ వెనకాల ట్రంకు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూశాడు. కోపం లేదు వాడి ముఖంలో. ఏదో లెక్క తప్పు చేసి, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు చూశాడు.

సుహాసిని


భివండి,
15-12-2024

చెల్లె సుహాసినికి దీవెనలు.

నీ ఉత్తరం చదివి కండ్ల నీళ్ళొచ్చినయి. మన ఇంటి ఇజ్జత్ కాపాడినవు. సోమక్క నీకు చీర తీసింది. పోస్ట్ల పంపుతున్న.

ఆ శ్యాంసుందర్ గురించి ఫికర్ చెయ్యకు. వాళ్ళ రాత అట్లున్నది. అసొంటోని పక్కన మనోడు పండుకుంటుండెనని తలుచుకుంటెనే భయమైతాంది. వాడు పోవుడే మంచిగైంది. వాని గాలి సోకే మనోడు గట్ల మాట్లాడిండు.

మూడు సబ్జెక్టులేంది, ఆరు పోనీ. రాసుకుంటడు. హరీశ్‌కు నేనే ఉత్తరం రాసిన. 'బిడ్డా, నాకు అంతా తెలిసింది, నేనేం అనను. పెద్దసార్లు అడిగితె గూడ మీ అత్త నీ పేరు దాచి నిన్ను కాపాడింది. ఆమె పాదాలకు మొక్కు' అని రాసిన. తండ్రి తిడుతడని భయపడుతాండు గదా, ఇగ ఆ భయం పోతది.

నీ అన్న,
నర్సింగం


కాశిబుగ్గ,
19-1-2025

అన్నా,

ఎంత పని చేశావు.

నీ ఉత్తరం పట్టుకుని హరీశ్ నా గదికి వచ్చాడు. ఈసారి జిరాక్స్ కాగితాలేమీ లేవు. తలుపు కూడా వేయలేదు.

'అత్తా, లిస్ట్ నువ్విచ్చినవా?'

హాస్టల్‌లో వార్డెన్ ఇచ్చాడని అనుకుంటున్నారట వాళ్ళు. వాడూ అలాగే అనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ వార్డెన్‌తో మాట్లాడటం మానేశాడట. అబద్ధం చెప్పలేకపోయాను.

'ఇచ్చాను.'

'శ్యాం నీ దగ్గరికి రానన్నడు. మేడంలకు చెప్తె ఆఫీసుల చెప్తరు అన్నడు. మా అత్త అట్ల చెయ్యదని నేనే చెయ్యి పట్టుకోని తోల్కొచ్చిన.'

'తప్పు చేశాను హరీశ్. ఫైళ్ళు తీసుకుంటామని అన్నారు...'

'నా పేరెందుకు లేదు అండ్ల? శ్యాం ఎన్నడు సచ్చిపోతనన్లేదు. నేనన్న.'

'నువ్వు నా అన్న కొడుకువి.'

'వాడు గూడ ఎవలకో కొడుకే గదా' అన్నాడు. ఆ మాట గట్టిగా కూడా అనలేదు.

అక్కడి నుంచి నేరుగా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళాడు. 'నా పేరు గూడ రాసుకోండ్రి, నన్ను గూడ తోలేయుండ్రి' అని అడిగాడట. కిషన్ రావు గారు నాకు ఫోన్ చేసి, 'మీ మేనల్లుడంట గద మేడం' అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నన్ను తనలో కలుపుకున్న చనువు ఉంది. అన్నా, నన్ను ఎవరూ అంతకంటే హీనంగా తిట్టలేరు.

నాలుగు రోజులుగా హరీశ్ హాస్టల్‌లో లేడు. ఫోన్ ఎత్తడం లేదు. స్టేషన్‌కు వెళ్ళి చూశాను, వాడి స్నేహితుల ఇళ్ళన్నీ తిరిగాను. నీ దగ్గరికి వస్తే ఆ క్షణమే ఎవరిచేతనైనా ఫోన్ చేయించు. నువ్వు పంపిన చీర మడత విప్పకుండా అలాగే ఉంచాను. అది కట్టుకునే పని నేనేం చేయలేదు.

సుహాసిని


భివండి,
16-2-2025

సుహాసినికి,

ఫోన్ చేయించిన గదా, హరీశ్ ఈడనే ఉన్నడు. మిగిలింది ఇప్పుడు రాస్తున్న.

వాడొచ్చి మూడు వారాలాయె. కాలేజికి పోను అంటాండు. నేను పనిచేసే కార్ఖానలనే, నా ఎనుక వరుసల నాలుగు సాంచల మీద నిలవడ్డడు. సేటును వాడే అడిగిండు. నేను వద్దని కాళ్ళ మీద పడ్డ. తండ్రి కొడుకు కాళ్ళ మీద పడుడు ఎన్నడన్న విన్నవా? వాడు నన్ను లేపి పక్కకు కూసోవెట్టి పనికి పోయిండు. చెవులల్ల దూది పెట్టుకోరా అని రాసిస్తె, ఆ కాగితం మలిచి జేబుల పెట్టుకున్నడు. దూది పెట్టుకోలేదు.

నాకు కాగితం మీద రాసి చూపిచ్చేటోడు గదా. ఇప్పుడు రాయడు. మాట్లాడుతడు. నాకు వినరాదని తెలిసే మాట్లాడుతడు.

నువ్వు వానికి అబద్ధం చెప్పుంటె అయిపోవు. 'నేను ఇయ్యలేదు, వార్డెనే ఇచ్చిండు' అంటె నీ నోరు పోవునా? పదకొండు మందిని పట్టిచ్చెతందుకు వచ్చిన నోరు, ఒక్క అబద్ధానికి రాలేదా? నేను ఉత్తరం రాసుడు తప్పే. పెద్ద చదువు లేనోన్ని, నాకేం తెలుసు. నువ్వు చదువుకున్నవు. మనుషుల మనసులు చదివే చదువు చదువుకున్నవు. ఆ చదువు యాడికెల్లి వచ్చింది? నా చెవులల్లకెల్లి వచ్చింది. నీ చదువుకు ఒక చెవు, వాని చదువుకు ఒక చెవు ఇచ్చిన. రెండు పోయినయి, రెండు చదువులు మన్నువడ్డయి.

ఇగ నాకు ఉత్తరం రాయకు.

నర్సింగం


కాశిబుగ్గ,
13-4-2025

అన్నా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాస్తాను. చింపేయాలంటే చదివాక చింపు.

నా కాంట్రాక్టు పొడిగించారు. గది కూడా మారింది. మెయిన్ బిల్డింగ్‌లో, రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన, ఏసీ ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి. ఫిబ్రవరి నుంచి నా దగ్గరికి ఒక్క విద్యార్థి రాలేదు. హాస్టళ్ళలో అందరికీ తెలిసిపోయింది. మొన్న మీటింగులో కిషన్ రావు గారు నా రిజిస్టర్ చూసి, 'రెండు నెలల్ల ఒక్క కేస్ లేదు, మేడం మంచిగ పనిచేస్తాండ్రు' అన్నారు. అందరూ తలలూపారు. రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇస్తే ఈ కుర్చీలోకి ఇంకెవరో వచ్చి అడగకముందే లిస్టులు ఇస్తారని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమో, నా పిరికితనమో తేల్చుకోలేక ఇంకా ఇవ్వలేదు.

పదకొండు మందిలో నలుగురు తిరిగి వచ్చారు. డబ్బున్న ఇళ్ళ పిల్లలు, తెలిసిన డాక్టర్ల దగ్గర సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. శ్యాంసుందర్ రాలేదు. చిలుకమ్మ వాణ్ణి దవాఖానకు తీసుకుపోతే, ఆరు నెలలు చూశాకే రాసిస్తామన్నారట. నాకు తెలిసిన డాక్టర్‌ను బతిమాలి, పరీక్షించి రాసిస్తానని ఒప్పించి, వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. ఎనుమాముల మార్కెట్‌కు పనికి పోతున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

నిన్న వెళ్ళాను. సీజన్ చివర కదా, యార్డు నిండా మిర్చి బస్తాలే. ఘాటుకు కళ్ళు తెరవలేకపోయాను. ముఖానికి కండువా కట్టుకుని, వీపు మీద బస్తాతో వాడే నన్ను గుర్తుపట్టి ఆగాడు. బస్తా దించి, కమీషన్ వ్యాపారి అడ్తి దుకాణంలోంచి నాకు కుర్చీ తెచ్చి వేశాడు. చాయ్ తెప్పించాడు. తను కూర్చోలేదు.

డాక్టర్ సంగతి చెప్పాను. జూన్‌లో మళ్ళీ చేరవచ్చన్నాను.

'వద్దు మేడం.'

'ఎందుకు శ్యాం?'

'ఈడ ఎవలూ ఏమడుగరు. బస్తా మోసుడే.' కండువా బిగించుకుంటూ, 'మీతోని మాట్లాడాల్నన్నా భయమైతాంది మేడం. ఏమనుకోకుండ్రి' అన్నాడు.

నేను చేసింది తప్పని చెప్పాను. క్షమించమన్నాను. వాడు నేల చూస్తూ విన్నాడు. తర్వాత తలెత్తి, 'హరీశ్ కాలేజికి పోతాండా?' అని అడిగాడు.

నువ్వు తిట్టిన తిట్టు గుర్తొచ్చింది. ఒక్క అబద్ధానికి నోరు రాలేదా అన్నావు. ఈసారి వచ్చింది. 'పోతున్నాడు' అన్నాను.

వాడి కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి, కండువా పైన. ఆ కళ్ళు నవ్వాయి.

'వానికి లెక్కలు అస్సలు రావు మేడం. నేనే చెప్పేటోన్ని. ఇప్పుడు ఎవలు చెప్తాండ్రో.'

దుకాణం లోపలి నుంచి ఎవరో కేకేశారు. వాడు వంగి బస్తా వీపు మీదికి ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఈ ఉత్తరం నీ దగ్గర ఉంచుకోకు. హరీశ్‌కు ఇవ్వు.

సుహాసిని